కన్వర్టర్ పోయిందంటే నమ్మేయడమేనా?

కారు నడిపే ఆడవాళ్ళు మన ఊళ్ళల్లో ఇప్పుడు వింతేమీ కాదు. పిల్లల్ని స్కూల్లో దింపేదీ, అత్తగారిని కంటి డాక్టరుకి చూపించేదీ, ముహూర్తాల రోజుల్లో ఊరంతా తిరిగి శుభలేఖలు పంచి వచ్చేదీ చాలా ఇళ్ళల్లో వాళ్ళే. కాని ఆ కారుకి కాస్త నలత చేసిందంటే చాలు, అంతవరకూ స్టీరింగు పట్టుకున్న మనిషి ఉన్నట్టుండి మాయమైపోతుంది! షెడ్డులో ఎదురుగా నిలబడ్డా మెకానిక్ చూపు ఆవిడ భుజం మీదుగా వెనక్కి పోతుంది. "సార్ రాలేదా మేడమ్?" అంటాడు. సార్‌కి కారు గురించి తెలిసిందల్లా పెట్రోలు మూత ఏ పక్కన ఉంటుందో అంతే. అయినా సార్ రావాలి. వచ్చి, గెడ్డం నిమురుకుని, "అలాగా!" అనాలి. అప్పుడు గాని కారు రోగం రోగం కాదు.

సరే, ఈ మర్యాదలకి మనం అలవాటు పడ్డాం. నా పోట్లాట మర్యాద గురించి కాదు. "కన్వర్టర్ పోయింది మేడమ్, మార్చేయాలి" అనే ఒక్క ముక్క గురించి. ఈ ముక్క ఖరీదు తక్కువదేం కాదు. కారును బట్టి పదుల వేలల్లో ఉంటుంది. డాష్‌బోర్డు మీద ఒక బల్బు వెలగ్గానే, రెండు నిమిషాల్లో, అంత డబ్బు పెట్టెయ్యమని చెప్పేవాణ్ణి "నీకెలా తెలిసింది నాయనా?" అని అడగమా? అడగం! బండి దగ్గర పావుకిలో వంకాయలకి ఒక్కో కాయనీ తిప్పి తిప్పి పుచ్చుందేమో చూసే మనం, ఇక్కడ మాత్రం నోరు మూసుకుని కార్డు గీకేసి వస్తాం.

అసలా వస్తువేమిటో ముందు చూద్దాం. పూర్తి పేరు కేటలిటిక్ కన్వర్టర్. ఇంజన్నుంచి పొగ బయటికి వచ్చే దారిలో, సైలెన్సరుకి ముందు ఉండే ఉక్కు డొల్ల. ఈ మధ్య కార్లలో చాలావాటికి ఇంజన్ని ఆనుకునే ఉంటుంది. దాని లోపల పింగాణీ వంటి పదార్థంతో చేసిన దిమ్మ, ఆ దిమ్మనిండా తేనెపట్టులో ఉన్నట్టు సన్నని కంతలు. ఆ కంతల గోడలకి ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే ఖరీదైన లోహాలు కొద్ది కొద్దిగా పూసి ఉంటాయి. చాలామంది దీన్ని జల్లెడ అనుకుంటారు. పొగలో మసిని ఆపుతుందనీ, నిండిపోతే పారేయాలనీ అనుకుంటారు. కాదు. ఇది జల్లెడ కాదు, పెళ్ళిళ్ళ పేరయ్య!

ఇంజన్లోంచి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి ప్రాణవాయువు తక్కువ. సగం కాలిన పెట్రోలు ఆవిరి ఉంటుంది. దానికీ తక్కువే. నత్రజని ఆక్సైడులుంటాయి. వాటి దగ్గర ప్రాణవాయువు ఎక్కువ. ఒకరికి లేనిది ఇంకొకరి దగ్గర ఉంది గదా! మన పేరయ్య వాళ్ళనందర్నీ తన అరుగు మీదికి చేర్చి, ఇచ్చిపుచ్చుకోవడాలు జరిపించి, బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా, నత్రజనిగా మార్చి సాగనంపుతాడు. తను మాత్రం ఖర్చయిపోడు. కండువా దులుపుకుని ఇంకో సంబంధం చూస్తాడు. (బొగ్గుపులుసు వాయువు వల్ల భూమి వేడెక్కుతోంది నిజమే, ఆ తగువు వేరు.) అయితే పేరయ్యగారికి ఒళ్ళు వేడెక్కితే గాని పని జరగదు. రెండువందల యాభై, మూడొందల డిగ్రీల దాకా వేడి రావాలి. అంతవరకూ కార్లోంచి వచ్చే విషం విషంగానే బయటికి వస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఖర్చుకాని వస్తువు మరెందుకు పోతుందీ అని మీరు అడగాలి. నేనడిగిందీ అదే. తనంతట తను పోవడం తక్కువ. ఇతరులు పొట్టనబెట్టుకోవడమే ఎక్కువ. ఇది పుట్టినప్పటి నుంచీ దీని జాతకం అంతే. యూజీన్ హూద్రీ అనే ఫ్రెంచి ఇంజనీరు అమెరికాలో స్థిరపడి, లాస్ ఏంజెలెస్ ఊరి మీద కమ్ముకుంటున్న పొగ చూసి ఇలాంటి పరికరం తయారుచేశాడు. పేటెంటు కూడా 1956లో వచ్చింది. ఏం లాభం? అప్పటి పెట్రోల్లో సీసం కలిపేవారు. సీసం వచ్చి ఆ లోహాల పూత మీద పేరుకుని ఊపిరాడనిచ్చేది కాదు. చివరికి పెట్రోల్లోంచి సీసం తీసేస్తే గాని 1975 మోడళ్ళ నుంచి అమెరికా కార్లలో ఇది కుదురుకోలేదు. మన దేశంలో 1995లో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో కొత్త పెట్రోలు కార్లకి తప్పనిసరి చేశారు. 2000 సంవత్సరానికి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చింది. సీసం పోయింది గాని, ముందువాళ్ళ పాపం వెనకవాడి మీద పడటం మాత్రం పోలేదు.

ఇంట్లో పాలు విరిగినా, పప్పు మాడినా, మామగారికి బి.పి. పెరిగినా ఎవరి వల్ల? కోడలి వల్ల! ఆ పాలు నిన్నటివా అని గాని, ఆ పప్పు పొయ్యి మీద పెట్టి ఫోన్లో ముచ్చట్లాడింది ఎవరని గాని అడిగేవాళ్ళుండరు. అందరికంటే చివర వచ్చింది కాబట్టి ఆవిడే. కార్లో కన్వర్టర్‌కీ అదే పదవి. ప్లగ్గు సరిగా అంటుకోకపోయినా, ఇంజనాయిలు కాలిపోతున్నా, పెట్రోలు ఎక్కువ పడుతున్నా, ఆ ఫలితమంతా చివర ఉన్న దీని నెత్తినే వచ్చి పడుతుంది. కొన్నాళ్ళు భరిస్తుంది. భరించలేనప్పుడు బల్బు వెలుగుతుంది. అప్పుడు దీన్ని పుట్టింటికి పంపి కొత్తదాన్ని తెస్తారు. లోపల ఉన్నవాళ్ళు మారలేదు కదా, కొత్తది మాత్రం ఎంతకాలం బతుకుతుంది?

ఇప్పుడా బల్బు సంగతి. ఇంజను బొమ్మతో పసుప్పచ్చగా వెలుగుతుంది. షెడ్డులో స్కానరు పెడితే ఒక అంకె వస్తుంది. తరచు వినిపించేది పి 0420. దానర్థం "కన్వర్టర్ పని ఉండాల్సిన హద్దుకన్నా తక్కువగా కనిపిస్తోంది" అని. కనిపిస్తోంది అనే మాట గమనించండి. కార్లో ఉన్న కంప్యూటరు కన్వర్టర్ లోపలికి తొంగి చూడదు. దానికి ముందొక సెన్సరు, వెనకొక సెన్సరు ఉంటాయి. పొగలో ప్రాణవాయువు ఎంతుందో అవి చెబుతాయి. ఆ రెండు మాటలూ విని అది ఒక అనుమానం వ్యక్తం చేస్తుంది. అది ఫిర్యాదు మాత్రమే, తీర్పు కాదు. పక్కింటావిడ ఏదో అన్నదని మనం కోడల్ని వెళ్ళగొడతామా? (కొందరు వెళ్ళగొడతారు. వాళ్ళ సంగతి ఇంకోసారి.)

మా పెట్రోలు కారు 2016లో కొన్నది. కిందటేడాది ఈ బల్బు వెలిగింది. ఊళ్ళో పేరున్న ఒక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్ళాను. అద్దాల గది, ఏసీ, కాఫీ, అన్నీ ఉన్నాయి. ఒక కుర్రాడు వచ్చి స్కానరు పెట్టాడు. కాఫీ చల్లారకముందే అరవై ఎనిమిది వేల ఎస్టిమేటు కాగితం చేతిలో పెట్టాడు.

"వెనక సెన్సరు గ్రాఫు చూపించు బాబూ" అన్నాను.

"కోడ్ వచ్చేసిందిగా మేడమ్."

"కోడ్ వచ్చింది. కారణం రాలేదుగా?"

వాడు నవ్వాడు. కోపమొచ్చే నవ్వు కాదు, చిన్నపిల్లలు చందమామ అడిగితే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. "సార్‌తో ఒకసారి మాట్లాడిస్తారా? ఆయనకి ఎక్స్‌ప్లెయిన్ చేస్తాను" అన్నాడు. సార్ ఆ టైముకి బ్యాంకులో ఆడిటర్లతో తలకిందులవుతున్నారు. ఆయనకి ఎక్స్‌ప్లెయిన్ చేసేది నాకే చెయ్యమన్నాను. దానికి వాడి దగ్గర సరుకు లేదు. స్కానింగు డబ్బు కట్టేసి, ఆ కాగితం తీసుకుని వచ్చేశాను.

మర్నాడు మా విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. అరవై దాటిన మనిషి. ఆయన స్కానరు ముట్టుకోలేదు. "కారు రాత్రంతా ఇక్కడ ఉంచమ్మా, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వినాలి" అన్నాడు. పొద్దున నేనూ వెళ్ళాను. స్టార్ట్ చెయ్యగానే ఇంజను పక్కన టిక్కుటిక్కుమని సన్నగా చప్పుడు. ఇంజను వేడెక్కేకొద్దీ ఆ చప్పుడు తగ్గిపోయింది. ఆయన టార్చిలైటు వేసి పొగగొట్టం అతుకు దగ్గర నల్లటి మసి చార చూపించాడు. ప్యాకింగు పోయింది! ఆ సందులోంచి పొగ బయటికి పోవడమే కాదు, బయటి గాలీ లోపలికి లాక్కుంటుందట. ఆ గాలిలో ఉన్న ప్రాణవాయువుని సెన్సరు చూసి, కన్వర్టర్ పని చెయ్యడం లేదని చాడీ చెప్పింది. ప్యాకింగు మార్చి, కోడు చెరిపేసి, "నాలుగు రోజులు హైవే మీదా ఊళ్ళోనూ మామూలుగా తిప్పమ్మా, మళ్ళీ వెలిగితే అప్పుడు చూద్దాం" అన్నాడు. బిల్లు పద్ధెనిమిది వందలు. ఇవాళ్టికి ఏడు నెలలైంది. మళ్ళీ వెలగలేదు.

ఆ అద్దాలగది కుర్రాడు మోసగాడని నేననను. వాడికి అంకె చూసి సామాను మార్చడం నేర్పారు, రోగం కనుక్కోవడం నేర్పలేదు. ఎస్టిమేటు పెద్దదైతే భుజం తట్టే యజమాని పైన ఉంటే వాడు మాత్రం ఎందుకు నేర్చుకుంటాడు? అడిగేవాళ్ళుంటే నేర్చుకుంటాడు. అడగాల్సింది మనం.

ఏమడగాలంటారా? మొదట ఆ గ్రాఫు. ముందున్న సెన్సరు మామూలు రకమైతే దాని ఓల్టేజి 0.1కీ 0.9కీ మధ్య గంతులేస్తూ ఉంటుంది. అది దాని ధర్మం. వెనకది మాత్రం 0.6, 0.7 దగ్గర నింపాదిగా ఉండాలి. ఎందుకంటే కన్వర్టర్ పూతలో సీరియం అనే పదార్థం ఒకటుంటుంది. ప్రాణవాయువు ఎక్కువైనప్పుడు దాచుకుని, తక్కువైనప్పుడు తీసి ఇస్తుంది, మనం పోపుల డబ్బాలో దాచిన డబ్బులాగా. ఆ డబ్బా ఖాళీ అయిపోతే వెనక సెన్సరు కూడా ముందుదానితో సమానంగా గంతులేస్తుంది. అప్పుడు కన్వర్టర్ని అనుమానించవచ్చు. కొన్ని కొత్త కార్లలో ముందు సెన్సరు వేరే రకం, అది గంతులెయ్యదు. అక్కడ వెనకదాని మీదే కన్నెయ్యాలి. ఇదంతా చూడటానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. నేను చదివింది బి.ఏ. స్టీరింగు కింద ఉండే సాకెట్లో గుచ్చి సెల్‌ఫోన్లో చూసుకునే చిన్న స్కానర్లు వెయ్యి, రెండు వేల రూపాయల్లో దొరుకుతున్నాయి. ఒక మాదిరి చీరకన్నా చవక.

గ్రాఫు కన్వర్టర్ మీదికే వేలు చూపించిందనుకోండి. అప్పుడూ వెంటనే డబ్బు తియ్యొద్దు. ఎవరు చంపారో తేలాలి. ఇంకేమైనా కోడులు పక్కన ఉన్నాయా అని అడగండి. 0300తో మొదలయ్యేవి ఉంటే ఏదో సిలిండర్లో పెట్రోలు సరిగా అంటుకోవడం లేదని అర్థం. ప్లగ్గో, కాయిలో, ఇంజెక్టరో. కాలని పెట్రోలు నేరుగా కన్వర్టర్‌లోకి వెళ్ళి అక్కడ మండుతుంది. ఆ వేడికి లోపలి దిమ్మ కరిగి ముద్దవుతుంది. అందుకే ఇంజను బల్బు నిలకడగా వెలగడం వేరు, మిణుకుమిణుకుమనడం వేరు. మిణుకుమంటుంటే "ఇంటికి పోయి చూద్దాంలే" అనుకోకుండా మెల్లగా పక్కకి తీసి ఆపండి. ఆ పది కిలోమీటర్లే వేలు తినేస్తాయి. రెండు సర్వీసింగుల మధ్య ఇంజనాయిలు పోయాల్సి వస్తోందా? నీలంగా పొగ వస్తోందా? అయితే ఆయిల్లోని భాస్వరం కన్వర్టర్ పూత మీద పొరలా కప్పేస్తోంది. కూలెంటు చెప్పకుండా తగ్గిపోతోందా? అదీ లోపలికి చేరి పాడుచేస్తుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే పెట్రోలు అవసరానికి మించి పడుతోందేమో చూడమనాలి. పెట్రోల్లో ఉన్న కాస్త గంధకమూ అలా వాసనై బయటపడుతుంది.

కారుకి పికప్ పోయి, ఎంత తొక్కినా ముందుకి రాకపోతే దిమ్మ మూసుకుపోయిందేమోనన్న అనుమానం సరైందే. కాని దానికీ పరీక్ష ఉంది. ముందు సెన్సరు విప్పి ఆ రంధ్రంలో ప్రెషరు మీటరు బిగించి, ఇంజన్ని 2500 ఆర్.పి.ఎం. దగ్గర తిప్పితే ముల్లు మూడు పి.ఎస్.ఐ. దాటకూడదు. దాటితే పొగకి దారి లేనట్టే. పది నిమిషాల పని. కారు చల్లారాక రబ్బరు సుత్తితో తడితే లోపల గలగలమన్నదంటే దిమ్మ పగిలినట్టు. కాలుష్యం చీటీలు కూడా పారేయకండి. బి.ఎస్. 4 నుంచి వచ్చిన పెట్రోలు కార్లకి కార్బన్ మోనాక్సైడు 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పి.పి.ఎం. దాటకూడదు. పోయినసారి చీటీలో అంకె, ఈసారి చీటీలో అంకె పక్కపక్కన పెడితే కొంత తెలుస్తుంది. అయితే గొట్టంలో గొట్టం పెట్టి నిజంగా కొలిచిన చీటీ అయి ఉండాలి సుమండీ! నంబరు ప్లేటు ఫోటో తీసి చీటీ చేతిలో పెట్టే పుణ్యాత్ములూ ఉన్నారు.

ఇన్నీ చూశాక నిజంగానే మార్చాల్సి వచ్చిందనుకోండి. మార్చండి. కాని పాతదాన్ని షెడ్డులో వదిలేసి రాకండి! పాత గాజులు చెరిపించి కొత్తవి చేయించేటప్పుడు కంసాలి ముందు కూర్చుని తరుగు దగ్గర గంటసేపు వాదిస్తాం కదా. ఆ పాత డొల్లలో ప్లాటినం ఉందని చెప్పాను. రోడియం ధర 2021లో ఔన్సు ఇరవై అయిదు వేల డాలర్లు దాటింది. అప్పుడు బంగారం రెండు వేల లోపే. డొల్లలో ఉండేది కొద్ది గ్రాములే అయినా, అమెరికాలో దొంగలు రాత్రిపూట కార్ల కిందికి దూరి వీటిని కోసుకుపోయారంటే ఊరికేనా? మన షెడ్డులో కొయ్యక్కర్లేదు, మనమే డబ్బిచ్చి విప్పించి బహూకరించి వస్తున్నాం. బిల్లులోంచి తగ్గించమనండి, లేదా డిక్కీలో పెట్టమనండి.

అమెరికా మాట వచ్చింది గనుక అక్కడ పిల్లలున్న అమ్మలకి ఒక మాట. మా అక్క కూతురు డల్లాస్‌లో ఉంది. ఆరేళ్ళ కారు. కన్వర్టర్‌కి రెండు వేల డాలర్లు అడిగారని ఫోన్లో ఏడుపు ఒక్కటే తక్కువ. "ఎన్ని మైళ్ళు తిరిగిందే?" అన్నాను. "డెబ్భై ఒక్క వేలు పిన్నీ." అక్కడి ప్రభుత్వ నియమం ప్రకారం కన్వర్టర్‌కి ఎనిమిదేళ్ళు లేదా ఎనభై వేల మైళ్ళు, ఏది ముందైతే అంతవరకూ కార్ల కంపెనీదే బాధ్యత. డీలరు దగ్గరికి వెళ్ళి ఆ మాట అంది. ఉచితంగా మార్చారు. మన దగ్గర ఆ హామీ కారుకో తీరుగా ఉంటుంది. వారంటీ పుస్తకంలో ఆ పేజీ తీసి చదివిన ఇల్లాలు ఎందరో నాకు తెలీదు గాని, చదవని సార్లు మాత్రం చాలామంది తెలుసు.

ఇక నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండే సంగతి. "అరవై వేలెందుకు మేడమ్, పదిహేను వందల్లో పని అవగొడతాను" అనేవాళ్ళు కొందరున్నారు. వీళ్ళు కన్వర్టర్ని కోసి, లోపలి దిమ్మని పొడిచి పారేసి, ఖాళీ డొల్లని మళ్ళీ అతుకుతారు. వెనక సెన్సరుకి ఒక చిన్న గొట్టం తొడిగి అది నిజం చెప్పకుండా చేస్తారు. బల్బు ఆరిపోతుంది. పికప్ కూడా బాగుంటుంది. అందరూ సంతోషం!

మా పై ఫ్లాటు అన్నయ్యగారు ఈ పనే చేయించారు. "చూశావా చెల్లెమ్మా, నువ్వు అనవసరంగా అన్ని తిరుగుళ్ళు తిరిగావు" అని నాకే చెప్పారు. రోజూ పొద్దున ఏడింటికి సెల్లారులో కారు స్టార్ట్ చేసి, ఇంజను వేడెక్కాలని పది నిమిషాలు అలా వదిలేసి, పైకొచ్చి టిఫిన్ చేసి వెళ్ళడం ఆయన అలవాటు. కన్వర్టర్ ఉన్న కారుకే మొదటి ఒకటి రెండు నిమిషాలు అది వేడెక్కక విషం వస్తుందని చెప్పాను కదా. లేని కారుకి పది నిమిషాలూ విషమే. కార్బన్ మోనాక్సైడుకి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువు కూర్చోవలసిన చోట తను కూర్చుంటుంది. తలనొప్పి, మత్తు, ఆపైన ఏమైనా కావచ్చు. మా సెల్లారుకి రెండు వైపులా గోడలే. మెట్ల కింద గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. వాడికి నాలుగేళ్ళ పిల్ల, నెలల పిల్లాడు. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీ అన్నయ్యగారి కారు పొగగొట్టానికి ఎదురుగా ఉంది.

చెప్పాను. "ఇన్నాళ్ళూ లేని విడ్డూరం ఇప్పుడేమిటమ్మా, వాళ్ళేమైనా అన్నారా?" అన్నారాయన. వాళ్ళేమంటారు? పొద్దున్నే పిల్లకి తలనొప్పి ఎందుకొస్తోందో ఆ తల్లికి తెలియదు. సార్లని అనే ధైర్యం అంతకన్నా లేదు. ప్రస్తుతానికి గొడవపడి కారు గేటు బయటికి తెచ్చాకే స్టార్ట్ చేసేటట్టు ఒప్పించాను. కన్వర్టర్ మాత్రం పెట్టించలేదు. వచ్చే ఆదివారం అసోసియేషన్ మీటింగు. అజెండాలో లిఫ్టు మరమ్మతు, దసరా చందా ఉన్నాయి. మూడో విషయంగా దీన్ని రాయమని సెక్రటరీగారికి కాగితం ఇచ్చాను. ఈసారి సార్లందరూ ఎలాగూ వస్తారు.